ఫ్రెంచి ఉన్న రోజు బడిగంట

చేతికి వాచీ కట్టుకున్నవాడు ఎదురైతే ఆపి టైము అడిగి, దాంతో మనకి పనేమీ లేకపోయినా "అలాగా అండీ" అని తృప్తిపడి వెళ్లే కాలం అది. మా ఊరంతటికీ ఒకటే టైము ఉండేది. అది మా హైస్కూలు వరండాలో దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కలో ఉండేది. దాన్ని కొట్టే ఇనపకమ్మి నా చేతిలో ఉండేది. ఇప్పుడు ఎవరితోనైనా అంటే నమ్మరు గానీ, ముమ్మిడివరం దాటి గౌతమి ఏటిగట్టు మీదున్న మా ఊళ్లో అన్నం ఎప్పుడు తినాలో, కొబ్బరిచెట్టు ఎప్పుడు దిగాలో, రేవులో పడవ ఎప్పుడు కదలాలో చెప్పింది మూడో తరగతితో చదువు మానేసిన నేను. (ఇది రాసిపెడుతున్న మా మనవరాలు అప్పుడే నవ్వుతోంది. నవ్వనీండి. దానికి రాత వచ్చు, నాకు మాట వచ్చు.)

కొత్తగా పెళ్లయిన రోజులు. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్లేవారు. నన్ను హైస్కూల్లో ఆయాగా పెట్టుకున్నారు. ఊడ్వడం, నీళ్లు మొయ్యడం, గంట కొట్టడం, సోమవారం సోమవారం వరండాలో గోడగడియారానికి తాళం తిప్పడం నా పని. ఒకచోట నిలబడే కాలు కాదు నాది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేదాన్ని, నిండిన కుండనే మళ్లీ నింపేదాన్ని. అయ్యవార్లు "తూనీగ" అని పేరు పెట్టారు. అసలు సంగతేమిటంటే, ఏ క్లాసు ముందు నిలబడినా లోపల చెప్పేది సగం తెలిసేది, సగం తెలిసేది కాదు. ఆ తెలియని సగం చీమలా కుట్టేది. లెక్కల క్లాసు ముందు నిలబడితే అంతకుముందు ఐదారేళ్ల లెక్కలు నాకు లేవు. ఇంగ్లీషు దగ్గర నిలబడితే అదీ అంతే. అందరూ ఎక్కేసిన మెట్లకింద నిలబడి పైకి చూసినట్టుండేది. చూడలేక, చీపురు తీసుకుని పక్క వరండాకి పోయేదాన్ని.

అలాంటప్పుడు ఫ్రెంచి తాతగారు వచ్చారు. ఏటికి అవతల యానాం ఆయనది. ఫ్రెంచివాళ్ల హయాంలో ఏదో కచేరీలో గుమాస్తాగా చేసి, రిటైరయ్యి, తెల్ల పంట్లాం, గొడుగు, ఎండటోపీతో ఒకరోజు పడవ దిగి మా పెద్ద మేష్టారి గదిలోకి వెళ్లారు. జీతం అక్కర్లేదు, పడవ కూలీ ఇచ్చి మధ్యాహ్నం ఇంత అన్నం పెడితే మీ పిల్లలకి ఫ్రెంచి నేర్పుతానన్నారు. ఎందుకండీ మీకీ శ్రమ అంటే, ఇంట్లో నాతో ఫ్రెంచిలో దెబ్బలాడేవాళ్లు ఎవరూ మిగల్లేదండి అన్నారట. అమలాపురం బళ్లల్లో కూడా లేనిది మన బళ్లో ఉంటుందని పెద్ద మేష్టారు పొంగిపోయి, మంగళవారం, శుక్రవారం ఆఖరి పిరియడు డ్రిల్లు తీసేసి ఇచ్చేశారు. పిల్లల తల్లిదండ్రుల్ని మాత్రం మీరే ఒప్పించుకోండన్నారు.

ఆడవాళ్లతో మాట్లాడడానికి తోడుగా నన్ను పంపారు. ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో కుర్చీ వేశారు, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. పరాయి భాష వస్తే పిల్లాడికి నోరు విప్పే ధైర్యం వస్తుందనీ, రేపు ఏ ఊరు వెళ్లినా ఎవరి ముందూ తెల్లమొహం వెయ్యడనీ తాతగారు చెబుతుంటే, చెప్పిన ప్రతి ముక్కకీ "ఆయ్" అన్నారు. తిరిగొస్తూ ఆయన గొడుగు ఊపుకుంటూ, ఊరంతా ఒప్పుకుందమ్మా, బెంచీలు చాలవేమో అన్నారు. నాకు జాలేసింది. "వాళ్లు ఆయ్ అన్నారండి, ఒప్పుకోలేదండి" అన్నాను. (ఏటికి అటొడ్డునే పుట్టిన మనిషి, అంత చదువుకుని ఆ తేడా ఎలా మర్చిపోయారో మరి. ఫ్రెంచి ఎక్కువైతే అలా అవుతుంది కాబోలు.) మంగళవారం వచ్చేసరికి క్లాసులో ఒక బెంచీ కూడా నిండలేదు. డ్రిల్లు మేష్టారు ఎండలో పరిగెత్తిస్తారని భయపడ్డ తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు నీడకోసం వచ్చి కూర్చున్నారు.

నేను కిటికీ కింద చీపురుతో నిలబడ్డాను. తాతగారు బోర్డు మీద ఏమీ రాయలేదు. ముందు నోరు తిరగాలి, రాత తరవాత చూద్దామన్నారు. పొద్దున కనబడితే బొఁజూర్ అనాలన్నారు. పిల్లలు "బొఁజూర్ అండి" అన్నారు. అండి అక్కర్లేదన్నారాయన. పెద్దవారిని పట్టుకుని ఉత్త బొఁజూర్ అంటే ఇంట్లో వీపు చీరేస్తారండి అని వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆయనే ఓడిపోయి, మా బళ్లో ఫ్రెంచికి అండి తగిలించుకోవచ్చని రాజీపడ్డారు. సరే, ఆ నవ్వులాటలో నాకో సంగతి తట్టింది. ఆ పిల్లలకి ఒక్క ముక్క రాదు. నాకూ ఒక్క ముక్క రాదు. ఈ ఒక్క క్లాసులో అందరూ నాతోపాటే ఒకటో తరగతి. నాకు చీపురు చేతిలో బరువు తెలియలేదు. నా పెదవులు వాటంతటవే కదిలాయి.

అయితే వచ్చిన చిక్కల్లా పడవతోనే. మా రేవు నడిపేది మా మేనమామ. ఆఖరి గంట వినిపించి, లంకల నుంచి వచ్చే పిల్లలు ఎక్కగానే కట్టు విప్పేసేవాడు. సముద్రం దగ్గరవడంతో మా ఏటికి పోటూ పాటూ ఉంటాయి. పాటు తీసిందంటే నీళ్లు జారిపోయి పడవ బురదలో కూలబడుతుంది. తాతగారికి నడక నెమ్మది. అందుకని గంట కొట్టకముందే, చెబుతున్న మాట చెబుతున్నట్టే వదిలేసి గొడుగు తీసుకునేవారు. మొదటి మంగళవారం "ఇక మీ పేరు చెప్పుకోవడం ఎలాగంటే" అని గొడుగు తీసుకున్నారు. శుక్రవారం దాకా నాకు ముద్ద దిగలేదు. పేరు ఎలా చెప్పుకుంటారు ఆ దేశంలో? మన లాగే చెప్పుకుంటారా, చేతులేమైనా ఊపుతారా? పక్కమీద దొర్లుతుంటే మా ఆయన, చీమలేమైనా పట్టేయా దుప్పటికి, అని దులిపారు.

అప్పుడు గడియారం కనబడింది నాకు. రోజూ కనబడేదే, ఆ రోజు వేరేగా కనబడింది. శుక్రవారం పొద్దున బడి తుడుస్తూ, ఎవరూ రాకముందు, చీపురుపుల్లతో పెద్దముల్లుని కొంచెం ముందుకి తోశాను. అంటే గంటలన్నీ ఆ మేరకి ముందే మోగుతాయి, ఫ్రెంచి ముందే మొదలవుతుంది. ఫ్రెంచి మొదలయ్యాక లోలకాన్ని వేలుతో ఆపి, తోసిన మేరకి నిద్రపుచ్చి, మళ్లీ ఊపి వదిలేదాన్ని. ఆఖరి గంటకి గడియారం సత్యవంతురాలై కూర్చునేది. పొద్దున తీసుకున్నది సాయంత్రం ఇచ్చేస్తున్నాను, ఇందులో దొంగతనమేముంది అనుకున్నాను. ఇంకెవరూ పట్టించుకోలేదు గానీ సైన్సు మేష్టారికి మాత్రం బావగారు మస్కట్ నుంచి పంపిన వాచీ ఉండేది. ఆ వాచీ వారంలో ఆ రెండు రోజులు మాత్రం వెనకబడుతోందని ఆయన దిగులుపడి అమలాపురం పట్టుకెళ్లి బాగుచేయించుకొచ్చారు. మళ్లీ మంగళవారం వచ్చింది, మళ్లీ వెనకబడింది. ఆయన్ని చూస్తే నాకు పాపం అనిపించేది. అయినా చీపురుపుల్ల మానలేదు.

నేను ఆలోచించనిది ఇంకొకటుంది. దింపు పని మధ్యాహ్నం గంటతో సరి. గంట వినబడితే ఎవరి చెట్టు వాళ్లు దిగి, మొలతాడు బిగించుకుని ఇంటికి పోతారు. మంగళవారం, శుక్రవారం గంట ముందే మోగుతోందని చెట్టు మీదున్నవాళ్లకి తెలిసిపోయింది. ఎందుకు మోగుతోందో తెలియదు గానీ, ఆ రోజుల్లోనే బళ్లో ఫ్రెంచి ఉంటుందని పిల్లలు చెప్పారు. ఇంకేం, ఫ్రెంచివాళ్లకి ఆకలి ముందే వేస్తుంది కాబోలు, మంచి జాతి, అని తేల్చుకున్నారు. మా ఆయన ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటూ, ఆ ఫ్రెంచేదో రోజూ పెడితే బాగుండునే అన్నారు. నేను మజ్జిగ పోస్తూ తల వంచుకున్నాను. వారం తిరిగేసరికి క్లాసులో బెంచీలు చాలలేదు. ఫ్రెంచి మానేవంటే కాళ్లు విరగ్గొడతానని తండ్రులు పిల్లల్ని తరిమారు. తాతగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. చూశావమ్మా, నెమ్మదిగానైనా చదువు విలువ జనానికి తెలుస్తుంది అన్నారు. నేను "ఆయ్" అన్నాను.

ఇలా సాఫీగా సాగుతున్న ఒక శుక్రవారం, తాతగారు పేరు చెప్పుకోవడం దాటి, నువ్వెక్కడ ఉంటావు, మీ ఇంట్లో ఎవరెవరున్నారు అనే దగ్గరికి వచ్చారు. ఎంత బాగుందంటే, లోలకాన్ని ఆపిన దాన్ని మళ్లీ వదలడం మర్చిపోయాను. పిల్లలూ కదల్లేదు, ఆయనా గొడుగు తియ్యలేదు. ఎండ గోడ మీద నుంచి దిగిపోవడం చూసి గంట దగ్గరికి పరిగెత్తాను. మావయ్య రేవులో పాటు చూసుకుంటూ తిట్టుకుంటున్నాడట, అయినా గంట లేకుండా కట్టు విప్పడం ఎలాగని ఆగాడు. చివరికి కదిలిన పడవ ఒడ్డుకి కొంచెం దూరం పోగానే బురదలో కూర్చుంది. అందులో లంక పిల్లలున్నారు, తాతగారున్నారు, మా బడి కమిటీ ప్రెసిడెంటు గారు కూడా ఉన్నారు. మా ఊరి తోటల్లో చాలావాటికి ఆయనే కామందు. మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని సాయంత్రం గాలికి యానాం వెళ్తున్నారు. (ఆ రోజుల్లో మా వైపు పెద్దమనుషులు గాలికి యానామే ఎందుకు వెళ్లేవారో, తిరిగొచ్చేటప్పుడు తమలపాకులు అంత ఎక్కువ ఎందుకు నమిలేవారో నేను చెప్పను. ఆ గాలి యానాంలో చవక.) మావయ్య తాతగారిని భుజాన వేసుకుని ఒడ్డుకి చేర్చాడు. ప్రెసిడెంటు గారు కూడా భుజం వస్తుందని కాసేపు చూశారు. రాకపోయేసరికి మోకాళ్ల దాకా బురదలో పంచె ఎత్తిపట్టుకుని నడుచుకుంటూ వచ్చారు.

అంతే, కమిటీ మీటింగు పెట్టించారు. ఫ్రెంచి వచ్చాక బడికి వేళాపాళా పోయిందనీ, దింపు సగంలో ఆగిపోతోందనీ, ఫ్రెంచి తీసెయ్యాలనీ ఆయన మాట. వరండాలో కమిటీవారు, ఎదర నేల మీద తల్లిదండ్రులు. దింపువాళ్లంతా భుజాన తువ్వాళ్లతో వచ్చి కూర్చుంటే బడి ఆవరణ చాలలేదు. ఆడవాళ్లలో ప్రెసిడెంటు గారి భార్య కూడా కూర్చున్నారు. నేను స్తంభం దగ్గర నిలబడి కాలి బొటనవేలుతో నేల గీకుతున్నాను. నా ఉద్యోగం సంగతి అప్పటికి గుర్తు రాలేదు, నిజం. ఇంట్లో ఎవరెవరున్నారు అన్నదాని తరవాత ఏమొస్తుందో తెలియకుండా పోతుందే అన్నదే నా గోల.

ప్రెసిడెంటు గారు లేచి, మన కుర్రాళ్లు కువైట్ పోతున్నారు, మస్కట్ పోతున్నారు, ఫ్రాన్సు ఎవడు పోయాడండీ, పెడితే అరబ్బీ పెట్టండి అన్నారు. కమిటీవారు తల ఊపారు. ఆ మాట సబబుగానే ఉందని నాకూ అనిపించింది. తాతగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచారు.

"అరబ్బీ వస్తే అరబ్బీయే నేర్పుదునండి. నాకు ఇదే వచ్చు. ఏ భాషైతేనేం, పిల్లాడు రాని మాటని నలుగురిలో తప్పు పలికి, సిగ్గుపడి, మళ్లీ పలకాలండి. ఒకసారి అది అలవాటైందంటే ఏ దేశం వెళ్లినా వాడే నేర్చుకుంటాడు. ఆ సిగ్గు ఇక్కడ పోగొట్టుకుంటే మంచిది కదండీ, అక్కడ పరాయివాళ్ల ముందు పోగొట్టుకునే బదులు."

దింపువాళ్లు ఆయ్, ఆయ్ అన్నారు, ఈసారి ఒప్పుకునే అన్నారు. ప్రెసిడెంటు గారు అది వదిలేసి, మరి గంట సంగతేమిటి, గడియారాన్ని ఎవరో ముట్టుకుంటున్నారు అన్నారు. సైన్సు మేష్టారు వాచీ చూసుకున్నారు, తరవాత నన్ను చూశారు. ఆయన వెనకే ఒకరొకరుగా అందరూ నన్ను చూశారు. నోరు తెరవబోయాను. ఈలోగా మా ఆయన తువ్వాలు చంకలో పెట్టుకుని లేచారు. ఆయన సభలో మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఒక్క మాటండి. మొన్న పడవ బురదలో దిగడ్డప్పుడు తవరు కూడా ఉన్నారంటండి. సాయంత్రం పూట తవరికి యానాంలో అంత అర్జెంటు పనుంటదని మాకు తెలవదు. ఏ రోజుల్లో ఎల్తారో చెప్పేరంటే, ఇక నుంచి మేవే రేవులో కేకేసి పడవ పంపిచ్చేత్తామండి, ఆయ్."

ఎంత వినయంగా అన్నారంటే తప్పు పట్టడానికి చోటు లేదు. ప్రెసిడెంటు గారి భార్య నెమ్మదిగా మెడ తిప్పి భర్తని చూశారు. పంచెకి ఆ బురద తోటలో బోదె కాలవ దాటుతుంటే అయిందని ఇంట్లో చెప్పారట పాపం. ఆయన ఒకసారి దగ్గి, ఫ్రెంచి గడియారం అన్నీ పెద్ద మేష్టారి ఇష్టం, మనకెందుకు, అని కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి సన్నగా గాజుల చప్పుడు వచ్చింది.

పెద్ద మేష్టారు ఇటూ అటూ కాకుండా తీర్పు చెప్పారు. డ్రిల్లు డ్రిల్లే, పిరియడు వెనక్కి ఇచ్చెయ్యాలన్నారు. తాతగారు, దానికేముందండి, ఇక మీదట పడవ గంటతో కాకుండా పోటు చూసుకుని కదిలితే చాలుగా, ఆఖరి గంటయ్యాక పడవ కదిలేదాకా రేవుపాకలోనే చెబుతాను, ఇష్టమున్నవాళ్లు వస్తారు అన్నారు. అందరూ లేచిపోయాక పెద్ద మేష్టారు నన్ను పిలిచి గడియారం తాళంచెవికి చెయ్యి చాపారు. ఎందుకు చేశావని కోప్పడతారనుకున్నాను. మెల్లిగానే అడిగారు. "పాఠం సగంలో ఆగిపోతోందండి" అన్నాను. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, రేపట్నుంచి బడికి తాళం వేసి రేవుకి పోయి పూర్తిగా విను, ఇక్కడ మాత్రం ముల్లు ముట్టుకోకు అన్నారు. నాలుగు చీవాట్లు పెట్టినా అంత సిగ్గేసేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం గంట సరైన వేళకే మోగింది. చెట్టు మీద నుంచి మా వాళ్లు, ఇవాళ ఫ్రెంచి లేదా అని కేకేశారు. ఉంది, సాయంత్రం రేవులో అన్నాను. అక్కడుంటే మనకేంటి లాభం, అన్నారు. వాళ్ల ఫ్రెంచి ప్రేమ అక్కడితో చెట్టు దిగిపోయింది. రేవుపాకకి వచ్చినవాళ్లు మళ్లీ ఒక బెంచీ మందే. నేను తాళాల గుత్తితో పాక గుంజ దగ్గర నిలబడ్డాను. ఏటి గాలికి తాతగారి టోపీ నిలవడం లేదు. పాత పాఠం గుర్తుందో లేదో చూద్దామని వరసగా ఒక్కొక్కరినీ ఫ్రెంచిలో పేరడుగుతూ వచ్చారు. పిల్లలు చెబుతున్నారు. ఆఖరి పిల్ల అయిపోయింది. ఇంకేముంది, పాఠంలోకి వెళ్తారనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి అదే ప్రశ్న అడిగారు.

బళ్లో నేను ఆయాని. అత్తగారింట్లో కోడలిపిల్లని. వీధిలో దింపాయన పెళ్లాన్ని. ఆ ఊరికి కాపరానికి వచ్చాక నా పేరు నోటితో అడిగినవాళ్లు లేరు. కిటికీ కింద ఆ మాట ఎన్నిసార్లు పెదాలతో అన్నానో దేవుడికే తెలుసు, ఇప్పుడు మాత్రం నాలుక అంటుకుపోయింది. పిల్లలు చూస్తున్నారు. నీళ్లు జారుతున్నాయి. పడవలోంచి మా మావయ్య, తాడు చేత్తో పట్టుకుని, "పాటు తీసేత్తందే తల్లీ, ఆ పేరేదో చెప్పెయ్యే, పట్టుకున్నాలే" అన్నాడు.

"జ మపెల్" అని మొదలుపెట్టి నా పేరు చెప్పాను. (ఇక్కడ ఎందుకులెండి అది.) చివర అండి తగిలించాను. పిల్లలు నవ్వారు. తాతగారు నవ్వలేదు. ఎగిరిపోతున్న టోపీ తీసి గుండెకి ఆనించుకుని, తల వంచి, ఫ్రెంచిలో ఏదో అన్నారు. అర్థం కాలేదని కళ్లు విప్పుకు చూస్తుంటే తెలుగులో చెప్పారు: "మిమ్మల్ని కలుసుకోవడం చాలా సంతోషమండి, అని." మిమ్మల్ని, అన్నారు. నన్ను. ఇప్పుడంటే తల నెరిసింది కాబట్టి దారినపోయేవాళ్లూ మీరు అంటారు. అప్పుడు ఆ మాట మోయడం చేతగాక తాళాల గుత్తి జారవిడిచాను.

పాకలో ఆ చదువు మరుసటి వరదల దాకా సాగింది. తరవాత తాతగారి మోకాళ్లు ఏరు దాటడానికి ఒప్పుకోలేదు. నేను ఫ్రాన్సు వెళ్లలేదు, ఫ్రెంచివాణ్ణి కళ్ల చూడలేదు, వచ్చిన ముక్కలు కూడా సగం రాలిపోయాయి. కానీ ఆ మొదటి సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లి, స్నానం చేసి వచ్చిన మా ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, నా పేరేమిటో అడగమన్నాను. నీ పేరు నాకు తెలుసు కదే అన్నారు. తెలిసినా అడగండి అన్నాను. వెర్రిదాన్ని చూసినట్టు చూసి, సరే, నీ పేరేంటి అన్నారు. నిటారుగా నిలబడి ఆ ముక్క మొత్తం చెప్పాను. ఆయన తల తుడుచుకోవడం ఆపి విన్నారు. "బావుంది, ఎవరావిడ?" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ అరుగు మీదే కూర్చుని ఆ ముక్క పైకి అంటుంటాను. అని, ఎవరావిడ, అని నేనే అడుగుతాను. ఎవరోగానీ, ఇప్పటి నాలాగా ఒకచోట కూర్చునే మనిషైతే కాదు.